పావురాల నీళ్లు

హనుమకొండ, ఆదివారం రాత్రి

రాత్రంతా ముసురు పట్టింది. పొద్దున ఐదున్నరకు రేకుల మీద చప్పుడు ఆగింది, నాకు మెలకువ వచ్చింది. మెట్లెక్కి పైకి పోయేసరికి జాలీ లోపల పావురాలు గుర్రుగుర్రుమంటూ తిరుగుతున్నాయి. నా అడుగుల చప్పుడు వాటికి తెలుసు. మొత్తం పదహారు. రెండు జంటల కింద పిల్లలున్నాయి. బూడిదరంగు జంట పిల్లలకు ఈ రోజుతో తొమ్మిది రోజులు నిండాయి.

జొన్నల డబ్బా చప్పుడు కోసం అవి ఎదురుచూస్తాయి గానీ, ఏడాదిగా పొద్దున నా మొదటి పని అది కాదు. నీళ్ల డబ్బా పైకెత్తి, అడుగు పళ్లెం అంచు లోపలి వైపు వేలితో రుద్ది చూస్తాను. వేలు జారితే పాచి పట్టినట్టు. నీళ్లు తేటగానే ఉంటాయి, కంటికి ఏమీ కనపడదు, వేలికి మాత్రం తెలుస్తుంది. ఈ రోజు కొంచెం జారింది. నిన్న సాయంత్రం కరెంటు పోతే చీకట్లో పైపైన కడిగి పెట్టాను. ఒక్క పూటకే ఇంత జిగురు. వానాకాలంలో అంతే, ఉక్కపోతకు తొందరగా పడుతుంది.

ఆ జిగురు ఉండగా నీళ్లలో ఏ మందు వేసినా దండగ. సూక్ష్మజీవులు ఆ పొరలో దాక్కుని ఉంటాయి, క్లోరిన్ బలమంతా పైపొర మీదే ఖర్చయిపోతుంది. నీళ్లలో పడ్డ గింజల పొట్టు, ఈకల పొడి, రెట్ట కూడా క్లోరిన్‌ను అలాగే తినేస్తాయి. అందుకే పీచు పట్టి తోమడం ముందు, క్లోరిన్ చుక్క వేయడం తర్వాత. ఈ రెండింటి వరుస నాకు తెలియని రోజుల్లో, పోయిన ఏడాది, ఒక పిల్లను పోగొట్టుకున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

పోయిన శ్రావణంలో. పిల్లకు పన్నెండు రోజులు. తల్లి మేత పెట్టడానికి వస్తే నోరు తెరిచేది గానీ మింగేది కాదు. ఫోన్ లైటు వేసి చూస్తే గొంతులో లేత పసుపు రంగు గడ్డ, జున్ను ముక్క అతికించినట్టు. పశువుల డాక్టరు చూడగానే చెప్పారు, దీన్ని కాంకర్ అంటారని, ట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి వల్ల వస్తుందని. మందు ఇచ్చారు. మూడో రోజు పొద్దున్నే గూటిలో చల్లబడి ఉంది.

పావురం నీళ్లు తాగే తీరు కోడిలా ఉండదు. కోడి ముక్కుతో కొంచెం పట్టి తల పైకెత్తి మింగుతుంది. పావురం ముక్కును నీళ్లలో ముంచి, తల ఎత్తకుండా గుటగుటా పీల్చుకుంటుంది. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కానీ ఒకదాని నోట్లో ఉన్న జబ్బు నీళ్లలోకి, నీళ్లలోంచి పక్కదాని నోట్లోకి పోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. పైగా పెద్ద పక్షులు చాలాసార్లు ఆ జీవిని గొంతులో మోస్తూనే ఆరోగ్యంగా కనిపిస్తాయి. జబ్బు బయటపడేది పిల్లల్లో.

ఆ రోజు నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే, నీళ్లలో ఏదో ఒకటి గట్టిగా వేయాలి. బకెట్‌లో ఐదు లీటర్ల నీళ్లు పట్టి, ఇంట్లో నేల కడిగే బ్లీచింగ్ ద్రావణం ఒక మూత పోశాను. కొలత ఏమీ తెలియదు, బాధలో పోశాను. పావురాలు వచ్చి ముక్కు ముంచాయి, తల విదిలించి వెనక్కి జరిగాయి. నీళ్లు శుభ్రంగా ఉన్నాయి కదా అని నేను కిందికి దిగిపోయాను. సాయంత్రం వచ్చి చూస్తే ఆ నీళ్లు అలాగే ఉన్నాయి. మిగిలిన పిల్లల మెడ కింది సంచి పట్టుకుంటే లోపల గింజలు రాళ్లలా గట్టిగా తగిలాయి. తల్లిదండ్రులు నీళ్లు తాగకపోతే మేతను మెత్తగా చేసి పెట్టలేవు. నీళ్లు మార్చి, మామూలు కుళాయి నీళ్లు పెట్టాక ఒక్కొక్కటి ఎంతసేపు తాగిందో. గూళ్ల ముందే కూర్చుని చూస్తూ ఏడ్చాను.

తర్వాత లెక్క వేశాను. 5 శాతం ద్రావణం ఒక్క చుక్కలో సుమారు రెండున్నర మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటుంది. అంటే లీటరు నీళ్లకు ఒక్క చుక్క చాలు. కోళ్ల ఫారాల వాళ్లు కూడా తాగే నీళ్లలో లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాముల దగ్గరే ఉంచుకుంటారు. నేను పోసిన మూతలో 5 మిల్లీలీటర్లు పడుతుంది, అది ఐదు లీటర్లలో కలిస్తే లీటరుకు 50 మిల్లీగ్రాములు. దాదాపు ఇరవై రెట్లు. ఆ వాసనకు, ఆ రుచికి అవి తాగకపోవడమే మేలయింది. తాగి ఉంటే గొంతు, పేగులు ఏమై ఉండేవో.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటి కుదిరింది. డబ్బాలు రెండు. ఒకటి గూట్లో ఉంటే ఇంకోటి తోమి, కడిగి, ఎండలో బోర్లిస్తాను. ట్రైకోమోనాస్ తడి లేకపోతే బతకదు, అందుకే డబ్బా పూర్తిగా ఆరడం నాకు ఏ మందు కన్నా ముఖ్యం. వారానికి ఒకసారి మాత్రం ఖాళీ డబ్బాను కొంచెం గట్టి బ్లీచింగ్ నీళ్లలో పదిహేను నిమిషాలు నానబెట్టి, వాసన పోయేదాకా కడుగుతాను. తాగే నీళ్లకైతే కుళాయి నీళ్లు తెల్లటి గుడ్డతో వడకట్టి, వాసన గానీ నురుగు గానీ కలపని సాదా బ్లీచింగ్ ద్రావణం లీటరుకు ఒక చుక్క వేసి, మూత పెట్టి అరగంట ఆగుతాను. క్లోరిన్ పని చేయడానికి ఆ అరగంట కావాలి. బోరు నీళ్లు వాడను. మా బోరులో క్షారగుణం ఎక్కువ, అలాంటి నీళ్లలో క్లోరిన్ బలం తగ్గిపోతుంది. ఒక్కో పావురం రోజుకు 30 నుంచి 60 మిల్లీలీటర్లు తాగుతుంది, పిల్లలు ఉన్నప్పుడు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. పదహారింటికి పూటకో లీటరు సరిపోతుంది. మిగిలినవి పూటపూటకూ పారబోస్తాను, మిగిలాయని మళ్లీ పెట్టను.

పది గంటలకు వదిన వచ్చింది. ఆమె ఏఎన్‌ఎం, ఊళ్లల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త. వానలు మొదలైతే ఊళ్లల్లో క్లోరిన్ బిళ్లలు పంచుతూ, ట్యాంకు నీళ్లు పరీక్ష చేయిస్తూ తీరిక లేకుండా తిరుగుతుంది. క్లోరిన్ పరీక్ష చేసే చిన్న పెట్టె సంచిలోనే ఉంది. నేను అడగకముందే పైకి వచ్చి, పావురాల నీళ్లు గొట్టంలో పట్టి, చుక్కలు వేసి వెలుతురుకు ఎత్తి చూపింది. లేత పసుపు.

“గిట్ల లేతగ రావాలె. ముదురు పసుపైతే ఎక్కువైనట్టు, తెల్లగనే ఉంటె ఏం లేనట్టు” అంది. మనుషులకైతే కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్నది మన దేశంలో ప్రమాణం. నీళ్ల విషయంలో మనిషికీ పక్షికీ పెద్ద తేడా లేదని ఆమె పని చూస్తుంటే అనిపిస్తుంది. టీ తాగి వెళ్తూ బూడిదరంగు పిల్లను చేతిలోకి తీసుకుని, దాని పసుపు నూగును ఎంతసేపు నిమిరిందో.

మధ్యాహ్నం పక్క గల్లీ పిల్లవాడు వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు, ఈ మధ్యే రెండు జంటలు కొన్నాడు. చొక్కా లోపల దాచి ఒక మగ పావురాన్ని తెచ్చాడు.

“అన్నా, రెండు రోజులసంది ఇది గింజలు ముడ్తలేదు. నీళ్లల్ల మందు గూడ ఏసిన.”

ఏం మందు వేశావంటే ఫోన్‌లో ఫోటో చూపించాడు. పర్మాంగనేట్. పళ్లెంలో నీళ్లు వంకాయ రంగులో ఉన్నాయి. నా చిన్నప్పుడు బావుల్లో వేసేవాళ్లు, పాత తరం పావురాలవాళ్లు కూడా లేత గులాబీ రంగు వచ్చేలా వేస్తారు. కానీ ఆ లేత ఎంత లేతో ఒక్కొక్కరి కంటికి ఒక్కోలా ఉంటుంది. ముదిరితే అది నోటి పొరలను, గొంతును కాల్చేస్తుంది. కరగని పలుకు ఒకటి గొంతులోకి పోయినా పుండే. నేను ఇంట్లో ఉంచను. కోప్పడబోయి ఆగాను. పోయిన ఏడాది మూత పోసిన చెయ్యి నాదే కదా. వాడి కళ్లలో కూడా అదే టెన్షన్.

పావురాన్ని గుడ్డలో చుట్టి నోరు తెరిచి చూశాం. నాలుక వెనక పసుపు మచ్చ, ఇంకా చిన్నదే. అగ్గిపుల్లతో గీకేద్దామా అన్నాడు. వద్దన్నాను. గీకితే రక్తం వస్తుంది, పుండు పెద్దదవుతుంది. నీళ్లలో ఏ క్లోరిన్ వేసినా దీనికి తగ్గదని కూడా చెప్పాను. వాడు నమ్మలేనట్టు చూశాడు. నీళ్ల శుద్ధి పక్కదానికి పాకకుండా కొంత అడ్డుకుంటుంది అంతే, గొంతులో పట్టిన జబ్బును మాన్పదు. తల్లిదండ్రులు తమ మెడ సంచిలో ఊరే పాలను నోట్లో నోరు పెట్టి పిల్లలకు పడతాయి. మోసే పక్షి అయితే జబ్బు ఆ పాలతోనే నేరుగా పోతుంది, నీళ్ల డబ్బాతో పని లేదు. మా పిల్లకూ బహుశా అలాగే వచ్చి ఉంటుందని డాక్టరు అన్నారు. ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

రేపు పొద్దున్నే పశువుల ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. మందు మోతాదు పావురం బరువును బట్టి ఉంటుంది, మూడు వందల గ్రాముల ప్రాణి, ఎవరో చెప్పారని మనుషుల బిళ్ల విరిచి వేయొద్దని రెండుసార్లు చెప్పాను. అంతదాకా దీన్ని వేరే గంపలో ఉంచు, దీని నీళ్లు దీనికే, మిగతా మూడింటికి కొత్త పళ్లెం, ఒక అంగుళం లోతు తేటనీళ్లు, ఏ మందూ వద్దు. పళ్లెం గూటి కింద కాకుండా రెట్ట పడని చోట పెట్టమన్నాను. పేగుల జబ్బు తెచ్చే కాక్సీడియా అనే సూక్ష్మజీవి రెట్టతో వస్తుంది, దాని గుడ్లకు తాగే నీళ్లలో వేసే క్లోరిన్ లెక్కే కాదు, నేల పొడిగా ఉంచుకోవడమే దారి. వాడు అన్నీ ఫోన్‌లో టైపు చేసుకున్నాడు. వెనిగర్ కూడా వేయొచ్చంట కదన్నా అని అడిగాడు. కొందరు వేస్తారు, నీళ్లు కొంచెం పుల్లబడతాయి, ఇనుప పళ్లెమైతే తుప్పు దిగుతుంది. కానీ బ్లీచింగ్ వేసిన నీళ్లలో మాత్రం ఎన్నడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది, పావురాలకే కాదు నీకూ ప్రమాదమని గట్టిగా చెప్పాను. విటమిన్లు కలిపే రోజు, నీళ్లలో టీకా ఇచ్చే రోజు కూడా క్లోరిన్ ఉండకూడదు, టీకాలోని వైరస్‌ను అది చంపేస్తుంది.

వాడు వెళ్లాక కాసేపు ఎండ కాసింది. స్నానానికి వెడల్పు టబ్బు పెట్టాను. రెక్కలు విప్పి, పక్కకు ఒరిగి, ఒకదాని మీద ఒకటి నీళ్లు చిమ్ముకున్నాయి. ఆ పని అయ్యీ కాగానే టబ్బు ఎత్తేయాలి. లేకపోతే తేటనీళ్లు వదిలేసి ఆ మురికినీళ్లే తాగుతాయి, ఎందుకో వాటికి అదే ఇష్టం.

రెట్టలు గీకే ముందు నీళ్లు చల్లి, మాస్కు కట్టుకున్నాను. బాపుకు ఆయాసం ఉంది కాబట్టి ఆయనను ఆ గంట పైకి రానివ్వను. ఎండిన రెట్ట పొడి, ఈకల ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిబడే జబ్బు రావచ్చు. రెట్టలు మాత్రం ఈ రోజు బాగున్నాయి. గుండ్రంగా, గట్టిగా, మీద తెల్లటి టోపీ పెట్టినట్టు. నీళ్లు ఒంటికి పడుతున్నాయో లేదో నాకు రోజూ చెప్పేది అదే.

సాయంత్రం ఆరు గంటలకు కొత్త నీళ్లు పెట్టి పక్కన కూర్చున్నాను. ముందు ఎర్రకాళ్ల ఆడది వచ్చింది. తర్వాత బూడిదరంగు మగది దిగి, ముక్కు ముంచి, కళ్లు సగం మూసి, ఆగకుండా తాగింది. తల విదిలించలేదు. నేరుగా గూట్లోకి ఎగిరింది. కాసేపటికి పిల్లను చేతిలోకి తీసుకుని మెడ కింది సంచి తాకాను. నిండుగా, మెత్తగా ఉంది, వేలు పెడితే నీళ్లు పోసిన బుడగలా కదిలింది.

ఎనిమిదికి ఆ పిల్లవాడు ఫోన్ చేశాడు. గంపలో పెట్టిన మగది కొంచెం నీళ్లు తాగిందట. గింజలు ఇంకా ముట్టలేదు. రేపు ఎనిమిదిన్నరకు వాడితో పాటు నేనూ ఆసుపత్రికి వెళ్తానని చెప్పాను.

రెండో డబ్బాను తోమి గోడ మీద బోర్లించి వచ్చాను. ఇప్పుడు మళ్లీ చినుకులు మొదలయ్యాయి. పైకి పోయి దాన్ని లోపలికి తెచ్చి, వంటింటి కిటికీ దగ్గర గాలి తగిలేచోట పెట్టాను.