రెండు థర్మాకోల్ బంతులు, ఒక స్కేలు: ఆవేశం కొలత ఎంతవరకు వచ్చింది

ఇంట్లో దొరికే సామానుతో విద్యుదావేశాన్ని కొలవాలన్న కోరిక ఒక దారికొచ్చింది. పక్కపక్కనే వేలాడే రెండు బంతులు ఎంత ఎడమయ్యాయో చూసి, వాటి మీద ఎంత ఆవేశం ఉందో ఇప్పుడు లెక్కకట్టగలుగుతున్నాను.

బంతులు 2 సెం.మీ. థర్మాకోల్‌వి. అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ముడతలన్నీ అణిగేదాకా స్పూన్ వెనకవైపుతో రుద్దాను. ఎక్కడైనా మొన తేలితే ఆవేశం అక్కడి నుంచే గాల్లోకి జారిపోతుంది. బరువు ఒక్కోటి 0.15 గ్రాము. దారం విషయంలో మాత్రం రాజీ పడకూడదు. మా కాకినాడ గాలికి నూలు దారం తేమ పీల్చేసుకుంటుంది, ఆవేశం నిలవదు. గాలానికి కట్టే సన్నని నైలాన్ దారం తెచ్చి, చేతి చెమట అంటకుండా స్పిరిట్‌తో తుడిచి వాడాను. ఒక్కో బంతికి రెండేసి దారాలు, పైన ఎడంగా కట్టాను, బంతి ముందుకూ వెనక్కూ ఊగకుండా. పైనుంచి బంతి వరకు ఎత్తు 50 సెం.మీ. ఏసీ కాసేపు నడిచి గది పొడిబారాక, ఫ్యాన్ కట్టేసి, ఏసీ కూడా ఆపేసి మొదలుపెడతాను.

వైరింగ్‌కి వాడే పీవీసీ పైపును ఉన్ని శాలువాతో రుద్దితే దాని మీద రుణావేశం చేరుతుంది. ఆనుకుని ఉన్న బంతులకు ఆ పైపును పొడవునా రాస్తూ పోవాలి, ఒక్కచోట తాకిస్తే ఆ చోటిదే వస్తుంది. రెండూ ఒకే కొలత బంతులు కాబట్టి ఆవేశాన్ని సమంగా పంచుకుని విడిపోతాయి. స్కేలు దగ్గర పెడితే బంతులు దాని వైపు జరిగిపోతాయి. అందుకే 3 మీటర్ల దూరంలో చిన్న ఎల్ఈడీ పెట్టి, బంతులకు 30 సెం.మీ. వెనక గోడ మీద గ్రాఫ్ కాగితంపై నీడలు చూస్తున్నాను. నీడల మధ్య దూరాన్ని 1.1తో భాగిస్తే అసలు దూరం.

మంచి రీడింగ్ ఒకటి: కేంద్రాల మధ్య 6 సెం.మీ. అంటే ఒక్కో బంతి, పైన దారాలు కట్టిన చోటికి సరిగ్గా కింద ఉండే నిలువు గీత నుంచి 3 సెం.మీ. పక్కకు జరిగింది. 3ని 50తో భాగించి బంతి భారంతో గుణిస్తే వికర్షణ బలం సుమారు 88 మైక్రోన్యూటన్లు, అంటే 9 మిల్లీగ్రాముల బరువంత. కూలుమ్ సూత్రం ప్రకారం బలం రెండు ఆవేశాల లబ్ధాన్ని బట్టి పెరుగుతుంది, దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది. అందులో వేస్తే ఒక్కో బంతి మీద దాదాపు 6 నానోకూలుమ్‌లు (కూలుమ్ అంటే ఆవేశానికి కొలమానం, నానో అంటే అందులో వందకోట్లో వంతు). ఎలక్ట్రాన్ల లెక్కలో 3,700 కోట్లు అదనం!

ఈ పనంతటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది తర్వాతి మెట్టు. ప్లాస్టిక్ స్ట్రా చివర అతికించిన మూడో బంతిని వేలితో తాకి ఖాళీ చేసి, ఎడమ బంతికి బయటివైపు నుంచి ఆనించాను. ఎడమ బంతి ఆవేశంలో సగం పోయింది. కుడి బంతిని ముట్టుకోనే లేదు. అయినా రెండూ లోపలికి ఒకే మేర జరిగాయి! ఒకదాని మీద ఆవేశం రెండోదానికి రెట్టింపు ఉన్నా, ఒకదాన్నొకటి నెట్టే బలం సమానమే. న్యూటన్ మూడో నియమాన్ని ఇంత స్పష్టంగా గోడ మీద చూడొచ్చని నేను అనుకోలేదు.

సూత్రం ప్రకారం కేంద్రాల మధ్య దూరం 4.76 సెం.మీ.కి రావాలి, 4.6 వచ్చింది. కుడి బంతిని కూడా అలాగే సగం చేస్తే 3.78 రావాలి, 3.5 వచ్చింది. రెండుసార్లూ తక్కువే. కారణాలు రెండు. ఏమీ ముట్టుకోకపోయినా అయిదు నిమిషాల్లో 6 కాస్తా 5.6 అవుతోంది. పైగా పక్క బంతి తోపుడుకి మూడో బంతిలోకి సగం కన్నా కొంచెం ఎక్కువే వెళ్తుంది. మొదటిది దారాల పై కొసలకు మైనం పూసి తగ్గించొచ్చేమో చూడాలి.

ఆ తర్వాత మెలి త్రాసు, అంటే వేలాడే తీగ ఎంత మెలిపడిందో చూసి బలాన్ని కొలిచే పరికరం. 1785లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కూలుమ్ సన్నని వెండి తీగతో చేసిన ప్రయోగంలో ఉన్నవి మూడే రీడింగులు: బంతుల ఎడం 36, 18, 8.5 డిగ్రీలు, తీగ మెలిక 36, 144, 575.5. ఎడం సగమైతే బలం నాలుగింతలు. నాకు వెండి తీగ ఇంకా దొరకలేదు, ముందు సన్నని రాగి తీగతో చేసి చూస్తాను. పాత ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట ఒకటి విప్పుతున్నాను.