యూత్ ఆర్కెస్ట్రాలో నా ఆఖరి సీజన్, ఆ తర్వాత

ఈ జూన్‌తో యూత్ ఆర్కెస్ట్రాలో నా పని అయిపోతుంది. హైస్కూల్ పూర్తయితే సీటు ఖాళీ చేయాల్సిందే. కాలేజీ ఆడిషన్లు ఎలా గట్టెక్కావని, పిల్లలకి వయొలిన్ నేర్పిస్తున్న ఆంటీలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు రాసేస్తున్నాను.

నాది వయోలా. వయొలిన్ కన్నా కాస్త పెద్దది, నాదం కింది స్థాయిలో ఉంటుంది. బాలమురళీకృష్ణ గారు వాయించేవారని చెబితే మనవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. నేను మొదట పట్టింది మాత్రం ఫిడేలే, విజయనగరంలో. 1919లో సంగీత కళాశాల వెలిసిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాళ్లుగా ఉన్న చోటు. అక్కడ వీధిలో ఏదో ఒక ఇంట్లోంచి సరళీ స్వరాలు వినబడటం వింతేం కాదు. నాన్న ఉద్యోగం వల్ల ఏడో తరగతి అయ్యాక న్యూజెర్సీ వచ్చేశాం. ఇక్కడి స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్లు నిండుగా ఉన్నాయి, వయోలాలకే కొరత. టీచర్ నా పొడుగు వేళ్లు చూసి వయోలా చేతిలో పెట్టారు.

మన పద్ధతిలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. ఫిడేలు తల కుడి పాదం మీద ఆనుతుంది. ఎడమ చేతి మీద బరువు ఉండదు కాబట్టి వేళ్లు తీగ మీద హాయిగా జారతాయి. ఇక్కడ కుర్చీ అంచున కూర్చుని వాయిద్యాన్ని గడ్డం కింద పట్టాలి. శ్రుతి కూడా వేరే. మనకి స-ప-స-ప, పాడేవాళ్లని బట్టి ఎక్కుతుంది, దిగుతుంది. వయోలాకి సి-జి-డి-ఎ, ఎవరొచ్చినా అంతే. నొటేషన్ చదవడం త్వరగానే వచ్చింది. పోనిది గమకం! రెండు స్వరాల మధ్య కాస్త సందు దొరికితే చాలు, నా వేలు దానంతటదే జారిపోయేది. కొత్తలో ఒకసారి కండక్టర్ రిహార్సల్ ఆపి మరీ, ఆ జారుడు ఎక్కణ్ణించి వస్తోందని వెతికారు. సెక్షన్ అంతా నా వైపే చూసింది.

ఆర్కెస్ట్రాలో నొటేషన్ పెట్టుకునే ఒక్కో స్టాండుకి ఇద్దరం కూర్చుంటాం. లోపలివైపు ఉన్నవాళ్లు వాయించడం ఆపి పేజీ తిప్పాలి, బయటివైపు వాళ్లు ఆపకూడదు. కమాను పైకా కిందికా అన్నది సెక్షన్ ప్రిన్సిపాల్, అంటే మా వయోలాల గుంపుకి ముందుండేవారు, చెబితే మిగతావాళ్లం పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటాం. ఈ ఏడాది రష్యన్ స్వరకర్త షొస్టకోవిచ్ ఐదో సింఫనీ వాయించాం. 1937 నాటిది. మొదటి భాగంలో వయోలాలన్నిటికీ కలిపి ఒక పొడుగాటి పాట ఉంది, పై స్థాయిలో, నెమ్మదిగా సాగుతుంది. ఒక్కరు వైబ్రేటో (వేలిని ఊపి స్వరాన్ని కంపింపజేయడం) అతిగా వేసినా, ఒక్కరి కమాను ముందే అయిపోయినా మొత్తం చెడుతుంది. అక్కడ నాకు విజయనగరంలో మా ఫిడేలు మాస్టారి దగ్గర పక్కవాద్యం వాయించిన చెవి అక్కరకొచ్చింది. పాడేవారి ఊపిరి కనిపెట్టడం ఆయన దగ్గరే అలవాటైంది. తేడా ఒక్కటే. పక్కవాద్యం పాట వెంట నడుస్తుంది, ఇక్కడ వెంట నడిస్తే ఆలస్యమైనట్టే, అందరం ఒకేసారి ఎత్తుకోవాలి.

ఇక ఆడిషన్లు. చాలా మ్యూజిక్ స్కూళ్లు నేరుగా పిలిచే ముందు వడపోతకి ప్రీస్క్రీన్ వీడియోలు అడుగుతాయి, గడువు ఎక్కువగా డిసెంబర్ 1. అంటే ఆగస్టుకల్లా పీసులు ఖాయం కావాలి. నేను బాఖ్ చెల్లో సూట్లలోంచి ఒకటి (వయోలావాళ్లం వాటిని ఒక స్థాయి పైకి జరిపి వాయిస్తాం), స్టామిట్స్ అనే స్వరకర్త వయోలా కన్చెర్టో, ఒక ఎట్యూడ్ (సాధన కోసం రాసిన పీసు) పెట్టుకున్నాను. పియానో తోడుకి మనిషిని గంటల లెక్కన డబ్బిచ్చి కుదుర్చుకోవాలి, అక్టోబర్ దాటితే వాళ్లు దొరకరు. ఒక్కో పీసు మొదటినుంచి చివరిదాకా కట్ లేకుండా రికార్డ్ చేయాలి. ఆఖరి పేజీలో ఉండగా కింద మా అమ్మ మిక్సీ వేసింది. ఆ టేకు పోయింది.

వీడియో దాటితే జనవరి నుంచి మార్చి దాకా నేరుగా పిలుస్తారు. లోపల పదీ పదిహేను నిమిషాలు, నచ్చినా నచ్చకపోయినా మధ్యలో ఆపేస్తారు, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఎనభై మంది కలిసి చేసే పనికి మనిషిని ఒంటరిగా గదిలో నిలబెట్టి పరీక్షించడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు.

మన పిల్లల్లో చాలామందికి వర్తించే సంగతి ఇంకోటుంది. నేను హెచ్-4 మీద, అంటే నాన్న ఉద్యోగ వీసా మీద ఆధారపడే వీసా మీద ఉన్నాను. కార్నెగీ హాల్ నడిపే జాతీయ యూత్ ఆర్కెస్ట్రాకి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి కాబట్టి అప్లయ్ చేసే వీల్లేదు. నా స్టాండు జోడీ పెళ్లిళ్లలో క్వార్టెట్ (నలుగురి జట్టు)లో వాయించి పాకెట్ మనీ సంపాదించింది, నాకు పని చేసే అనుమతి లేదు కనక వృద్ధాశ్రమాల్లో ఊరికే వాయించాను. ఫెడరల్ ఆర్థిక సాయమూ రాదు. 21 నిండేలోపు ఎఫ్-1కి, అంటే విద్యార్థి వీసాకి మారాలి. చదువయ్యాక ఎఫ్-1 వాళ్లకి పని చేసుకోవడానికి 12 నెలలు ఇస్తారు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీ అయితే ఇంకో 24. నాన్న ఇవన్నీ ఒక కాగితం మీద రాసి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. "మానెయ్యమనడం లేదమ్మా, లెక్క చూసుకోమంటున్నా" అన్నారు.

లెక్క చూసుకున్నాను. ఉత్త సంగీతం చెప్పే కన్సర్వేటరీలో సీటు వచ్చింది, వద్దనుకున్నాను. వయోలా, స్టెమ్ కిందికొచ్చే స్టాటిస్టిక్స్ రెండూ కలిపి ఐదేళ్లలో రెండు డిగ్రీలిచ్చే యూనివర్సిటీకి మే 1 గడువులోపు సరే అన్నాను. భయపడి తగ్గానని కొందరు ఫ్రెండ్స్ అంటున్నారు. వాళ్లకి వీసా గొడవ లేదు.

వీడ్కోలు కచేరీకి సీనియర్లం మా ఇష్టమైనది వాయించుకోవచ్చు. నేను ముత్తుస్వామి దీక్షితుల నోట్టు స్వరాల్లోంచి 'శక్తి సహిత గణపతిం' నాలుగు వయోలాలకి రాశాను. ఆంగ్లేయుల బ్యాండు బాణీలు విని ఆయన సంస్కృతంలో కట్టినవి ఇవి. ఆ బాణీలు మళ్లీ స్టాఫ్ నొటేషన్‌లోకి ఎక్కాయి కాబట్టి మా వాళ్లు చూడగానే వాయించేశారు. ఒక్క గమకం కూడా లేదు, ఎవరూ నన్ను అనుమానించరు.

జూలైలో విజయనగరం వెళ్తున్నాను. వీడియో కాల్‌లో వయోలా చూపిస్తే మాస్టారు, "ఏటమ్మా, ఫిడేలు లావైపోయిందేటి!" అన్నారు. దాన్ని కిందికి దించి, శ్రుతి మార్చి, మన పద్ధతిలో కల్యాణి వర్ణం వాయించి చూద్దామని ఇద్దరం అనుకున్నాం. పాత తీగలు స-ప-స-పకి ఎంతవరకు ఆగుతాయో తెలీదు, అందుకే ఒక సెట్టు అదనంగా తీసుకెళ్తున్నాను. ఆగస్టు చివర యూనివర్సిటీ ఆర్కెస్ట్రాలో ఎవరెక్కడ కూర్చోవాలో తేల్చే సీటింగ్ ఆడిషన్. ఏమేం వాయించాలో లిస్టు ఇంకా పంపలేదు.