అ కంటే ముందు మూడు వేళ్ళు

జూన్‌లో మా చిన్నోడిని ఎల్‌కేజీలో వేశాం. అప్పటికి నాలుగేళ్ళు నిండి రెండు నెలలు. శ్రీకాకుళంలో మా వీధికి దగ్గరే బడి. మొదటి వారం బాగానే వెళ్ళాడు. రెండో వారం నుంచి కాపీ మొదలైంది. రోజూ ఒక పేజీ అ నుంచి అః వరకు, ఇంకో పేజీ ఏబీసీడీలు.

వాడు పెన్సిల్‌ని గరిటె పట్టినట్టు పిడికిట్లో పట్టేవాడు. నొక్కి నొక్కి రాస్తే కాగితం చిరిగేది. నేను పక్కన కూర్చుని వాడి చెయ్యి నా చేతిలోకి తీసుకుని దిద్దించేదాన్ని. రాసింది నేనే, నొప్పి వాడిది. ఒకరోజు రాత్రి అన్నం తినిపిస్తుంటే కుడిచెయ్యి చూపించి, "అమ్మా, నా చెయ్యి పాడైపోయింది, వేరేది కొను" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మది పొందూరు. పెళ్ళికి ముందు నుంచీ ఖద్దరుకి నూలు వడుకుతోంది. ఆ వారమే మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. వాడు రాస్తుంటే ఒక్క నిమిషం చూసి, "ఓలమ్మా, గుంటడి ఏళ్ళు ఇంకా తిరగలేదే. బలపం ఎలగ నిలుస్తాదే?" అంది.

నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చెయ్యే అది. కానీ ఆ మాట విన్నాకే మొదటిసారి సరిగ్గా చూశాను. అమ్మ కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి ఏకుని, అంటే వడకడానికి చుట్టిన దూదిని, పట్టుకుంటుంది. పట్టుకుని మెల్లగా వెనక్కి లాగుతుంటే కదురు మీంచి పోగు సాగుతూ వస్తుంది. గట్టిగా నొక్కితే తెగిపోతుంది, వదులైతే లావుగా వస్తుంది. మిగతా రెండు వేళ్ళూ ముడుచుకుని అరచేతికి ఆనుకుని ఉంటాయి, పై మూడింటికీ పీట వేసినట్టు. అచ్చం పెన్సిల్ పట్టుకునే పద్ధతి.

తర్వాత పిల్లల డాక్టరుగారిని కూడా అడిగాను. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయని, పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థేనని, ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయని చెప్పారు. ఆఖరిది గట్టిపడేసరికి 8 నుంచి 12 ఏళ్ళు వస్తాయట. గీతలకూ ఒక వరస ఉందట. మూడేళ్ళకి చాలామంది సున్న చుడతారు, నాలుగేళ్ళకి కూడిక గుర్తు వేస్తారు, త్రిభుజం మాత్రం ఐదేళ్ళకి గానీ కుదరదు. ఇంటికొచ్చి వాడి పుస్తకం తెరిచాను. ఇంగ్లీషు ఏలో ఉన్నవి రెండూ ఏటవాలు గీతలే, త్రిభుజంలో ఉన్నవీ అవే. వాడి చేతికి రానిదే మొదటి పేజీలో ఇచ్చి, రాలేదని ఎర్ర ఇంకుతో కొట్టేశారు.

కాపీ పక్కన పెట్టేశాం. బడిలో మిస్‌తో మాట్లాడాను. మొదట ఒప్పుకోలేదు, ఆఖరికి దసరా దాకా ఇంటి దగ్గర పలక మీద రాయించుకోమన్నారు.

నిజానికి మొదటి పది రోజులు పలకే ముట్టలేదు. అమ్మ తెచ్చిన పత్తి ఇంత తీసి వాడి ముందు పెట్టి, నలుసులు ఏరమంది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వేటప్పుడు ఆడవాళ్ళకి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. వాడికి ఆ ఓపిక లేదు, అయినా పావుగంట కూర్చున్నాడు. మర్నాడు చింతపిక్కలు. ఒక గిన్నెలోంచి రెండు వేళ్ళతో తీసి ఇరుకు మూతి సీసాలో వెయ్యాలి. (పిక్కలు ఇచ్చి పక్కకి వెళ్ళకండి. ముక్కులో, నోట్లో పెట్టేసుకుంటారు.) చపాతీ పిండి నలపడం, కందికాయలు వలవడం, చొక్కా గుండీలు తనే పెట్టుకోవడం, అన్నీ ఇదే పనికి వచ్చాయి.

అన్నింటికంటే ఎక్కువ పనిచేసింది ముగ్గు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టి, కొద్దికొద్దిగా జారవిడుస్తూ చెయ్యి కదపాలి. పిడికిలి బిగిస్తే పిండి మొత్తం ఒక్కచోటే పడుతుంది. నేను చుక్కలు పెడితే వాడు వాటి చుట్టూ సున్నలు చుట్టేవాడు. వారం తిరిగేసరికి సున్న మొదలెట్టిన చోటికే వచ్చి కలుస్తోంది.

అప్పుడు పలక తీశాం. బలపం కావాలనే విరిచి చిన్న ముక్క ఇచ్చాను. చిన్న ముక్క పిడికిట్లో ఇమడదు, వేళ్ళ చివరలతోనే పట్టుకోవాలి. పలకని గోడకి ఆనించి నిలబెట్టి రాయించాను. అలా రాస్తే మణికట్టు దానంతటదే సరైన ఒంపులోకి వస్తుంది, భుజానికీ బలం వస్తుంది.

అ తో మొదలుపెట్టలేదు. మన అక్షరాలు చాలావరకు గుండ్రటివి కాబట్టి, సున్న వచ్చిన పిల్లాడికి సగం దారి వచ్చినట్టే. సున్న మీద తలకట్టు పెడితే ర. దాని మధ్యలో చుక్క పెడితే ఠ. తలకిందులు చేసిన గిన్నెకి తలకట్టు పెడితే గ. వర్ణమాల వరసని నోటితో పాడుకుంటాడు, చెయ్యి మాత్రం దాని వరసలో అది వెళ్తుంది. ఆ రెండూ ఒకే రోజు ఒకే చోటికి చేరాలని మనం ఎందుకు పట్టుబడతామో నాకు అర్థం కాదు. నోటికి వచ్చింది గనక చేతికీ వచ్చెయ్యాలని టెన్షన్ పడి, పిల్లల్ని ఏడిపిస్తాం.

మొన్న ఆదివారం నాగావళి ఒడ్డుకి తీసుకెళ్ళాం. తడి ఇసకలో పుల్లతో ఇంతింత రలు రాసుకుంటూ నీళ్ళ దాకా వెళ్ళాడు. లెక్కపెట్టమంటే ఇరవై తర్వాత తప్పాడు, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

అ ఇంకా రాలేదు. లోపలి మెలిక దగ్గర చెయ్యి అటు తిరగాల్సింది ఇటు తిరుగుతోంది. అమ్మకి ఫోన్ చేసి చెప్తే, ఈసారి వచ్చినప్పుడు ఇంకో సోలెడు పిక్కలు తెస్తానంది.