నల్లబోర్డు మీద 350ఏ

1984 జనవరి 20. రిపబ్లిక్ డేకి ఇంకా వారం ఉందనగా, ఒడిశాలోని బరంపురంలో మన తెలుగు బడిలో సోషల్ మాస్టారు పదో తరగతికి డిబేట్ పెట్టారు. నల్లబోర్డు మీద ఆయనే విషయం రాశారు: ‘రాజ్యాంగం రాసినవాళ్ళకంటే ఇవాళ చదివే మనకే అది బాగా అర్థమవుతుందా?’

నేను కాదనే జట్టులో ఉన్నాను. దాదాపు మూడేళ్ళు కూర్చుని, ఒక్కో మాట మీద వాదించుకుని 395 అధికరణాలు రాసినవాళ్ళకంటే మనకేం తెలుస్తుందని గట్టిగానే మాట్లాడాను. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి.

అవతలి జట్టులోని అమ్మాయి లేచి ఒక్కటే అడిగింది: “ప్రాథమిక తరగతుల్లో మన భాషలో చదువు చెప్పించాలనే 350ఏ అధికరణం వాళ్ళు రాశారా?”

రాయలేదు. అది 1956లో ఏడో సవరణతో వచ్చింది. అమల్లోకి వచ్చింది నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే. మన బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చింది 1936లో. అంటే అప్పటికే ఇరవై ఏళ్ళుగా మనవాళ్ళు గీతకి ఇవతల ఉన్నారు. భాషని కాపాడుకునే హక్కు 29వ అధికరణంలో ముందునుంచీ ఉంది కదా అన్నాను. “మరి మన లెక్కల పుస్తకాలు దసరా దాటాక ఎందుకొచ్చాయి?” అంది. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత నేను వకీలునయ్యాను. రాజ్యాంగసభ చర్చలు మొదటిసారి చదివినప్పుడు ఆ అమ్మాయే గుర్తొచ్చింది. ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన 21వ అధికరణం మీద పెద్ద వాదన జరిగింది. చట్టం చెప్పిన పద్ధతి ఉంటే చాలా, ఆ చట్టం న్యాయమైనదా కాదా అని కోర్టులు చూడాలా? 1948 డిసెంబరు 13న అంబేద్కర్ లేచి, రెండు వైపులా ప్రమాదమే, నిర్ణయం సభకే వదిలేస్తున్నాను అన్నారు. అంతటి మనిషికే ముందు నుయ్యి, వెనక గొయ్యి! 1950లో గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు 21లోని మాటల్ని ఉన్నవి ఉన్నట్టే చదివి, చట్టం చెప్పిన పద్ధతి ఉంటే చాలంది. 1978లో మేనకా గాంధీ కేసులో, ఆ పద్ధతి న్యాయంగా కూడా ఉండాలంది. ఆ 21వ అధికరణంలో మాట ఒక్కటీ మారలేదు. మధ్యలో ఎమర్జెన్సీ వచ్చి వెళ్ళింది, అంతే.

అయినా నా జట్టుని నేను పూర్తిగా వదులుకోను. మన నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ సభలో చట్టం చెప్పిన పద్ధతి చాలన్నారు. జనానికి మేలు చేసే చట్టాలకి జడ్జీలు అడ్డుపడతారని ఆయన భయం. ఆ భయం సంగతి తెలియకుండా 21 చదివితే సగమే చదివినట్టు. సభ చర్చల్లోకి తొంగి చూడకుండా రాజ్యాంగం మీద తీర్పులిచ్చేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ కోపమొస్తుంది.

ఆ రోజు ఎవరు గెలిచారో మాస్టారు చెప్పలేదు. 350ఏ మొత్తం బోర్డు మీద రాసి, ‘ప్రయత్నించాలి’ అన్న మాట కింద సుద్దముక్కతో రెండు గీతలు గీశారు. బెల్లు కొట్టినా చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు.

మాస్టారు పోయాక అమ్మగారు ఆయన రాజ్యాంగం పుస్తకం నా చేతిలో పెట్టారు. పాత కేలండరు కాగితంతో వేసిన అట్ట, వీపున మైదా జిగురు. అట్ట లోపల మడతలు పెట్టిన కార్బన్ కాపీలు తొమ్మిది. అన్నీ అర్జీలే. మన బడికి తెలుగు టీచర్ని వేయమని, పుస్తకాలు వేళకి పంపమని. మొదటివాటిలో, సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రం ప్రయత్నించాలన్న 350ఏ తొలి భాగమే ఉంది. ఆరో అర్జీ నుంచి రెండో భాగం పట్టుకున్నారు, ఇందుకోసం రాష్ట్రపతి రాష్ట్రాలకి ఆదేశాలు ఇవ్వవచ్చని.

తొమ్మిదోదాని మీద తేదీ 1984 జనవరి 16.