తాళంచెవి దొరకని గది

బ్రిటన్‌లో నా ఉద్యోగం ఆస్‌బెస్టాస్ సర్వే. ఆస్‌బెస్టాస్ అంటే రాతినార; భవనాల్లో అది ఎక్కడుందో వెతకడమే మా పని. ఆఫీసులు, బడులు, గోదాములు, ఆసుపత్రులు... 2000కు ముందు కట్టిన భవనమైతే చాలు, ఎక్కడో ఒకచోట అది ఉండే ఉంటుందనుకునే లోపల అడుగుపెడతాం. నీలం, గోధుమ రంగు రకాలను ఇక్కడ 1985లో, తెల్లదాన్ని 1999లో నిషేధించారు. కానీ అప్పటికే గోడల్లో, కప్పుల్లో, పైపుల చుట్టూ చేరిపోయినది చాలావరకు అక్కడే ఉండిపోయింది. భవనం నిర్వహణ ఎవరి బాధ్యతో వాళ్లు అది ఎక్కడుందో, ఎలా ఉందో కనిపెట్టి రాసిపెట్టుకోవాలని 2012 నాటి నిబంధనలు చెబుతాయి. ఆ పనికే మమ్మల్ని పిలుస్తారు.

నా రిపోర్టు ఎవరికోసం అని అడిగితే, ఎప్పుడో ఒకరోజు డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని వచ్చే ఎలక్ట్రీషియన్ కోసం అంటాను. అతనికి ఆ భవనం కొత్త. ఏ పలక వెనక ఏముందో తెలియదు. కేబుల్ లాగి సాయంత్రానికి ఇంటికెళ్లాలి. దుమ్ము పీల్చిన రోజు అతనికి దగ్గు కూడా రాదు. జబ్బు బయటపడేసరికి ఇరవై ఏళ్లు పట్టొచ్చు, యాభై ఏళ్లూ పట్టొచ్చు. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే జబ్బులతో ఈ దేశంలో ఇప్పటికీ ఏటా సుమారు 5,000 మంది చనిపోతున్నారు. రాచ్‌డేల్ మిల్లులో ఆస్‌బెస్టాస్ నూలు వడికిన నెల్లీ కెర్షా 1924లో చనిపోయింది. ఫ్యాక్టరీల్లో ఈ దుమ్మును అదుపు చేసే నిబంధనలు 1931లో వచ్చాయి. ఇంత ముందునుంచీ తెలిసిన ప్రమాదం గురించి ఇవాళ ఒక పనివాడికి తెలియకపోతే ఆ తప్పు అతనిది కాదు.

మొన్నామధ్య బర్మింగ్‌హామ్ దగ్గర, 1960లలో కట్టిన మూడంతస్తుల ఆఫీసుకు వెళ్లాను. కరెంటు తీగలూ పైపులూ కింది నుంచి పైదాకా వెళ్లే సన్నటి గది ఒకటుంది. లోపల ఫ్యూజు బోర్డు పక్కన మీగడ రంగు వేసిన పలక. చూడ్డానికి మామూలు ప్లాస్టర్ బోర్డులా ఉంది. కింది మూల విరిగింది. టార్చి పక్కనుంచి వేస్తే విరిగిన అంచున బూడిద రంగులో సన్నటి నారపోగులు కనిపించాయి. ఆస్‌బెస్టాస్ కలిపిన ఇన్సులేటింగ్ బోర్డు. మంటను ఆపుతుందని ఆ రోజుల్లో విరివిగా వాడారు.

ముందు కరెంటు ఆపించాను. కేర్‌టేకర్‌ను బయటికి పంపి తలుపు మూశాను. సబ్బులాంటి ద్రావణం కొద్దిగా కలిపిన నీళ్లు ఆ మూల మీద చల్లి, నాననిచ్చి, ఉలితో గోరంత ముక్క తీశాను. ఒక సంచిలో వేసి మూతి కట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి నంబరు వేశాను. తీసిన చోట టేపు అంటించి, చుట్టూ తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా సంచిలోనే వేశాను. గోరంత ముక్కకు ఇంత తతంగమా అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. ఆ పోగు విరిగితే అడ్డంగా తెగదు, నిలువునా చీలుతుంది. చీలినకొద్దీ ఇంకా సన్నబడి ఊపిరితిత్తుల లోతుకు వెళుతుంది. అందుకే నీళ్లు.

ల్యాబ్ గోధుమ రకమని తేల్చింది. తర్వాత మార్కులు వేయాలి. పలక రకానికి 2, దెబ్బతిన్నందుకు 2, పలక పైభాగానికి రంగుంది కాబట్టి 1, గోధుమ రకానికి 2. మొత్తం పన్నెండుకు 7, అంటే మధ్యస్థం. ఈ మార్కులు ఆ పదార్థం ఎంత సులువుగా పోగులు వదులుతుందో చెబుతాయి. ఆ గదిలోకి ఎవరు, ఎంత తరచుగా వస్తారో చెప్పవు. దాన్ని విడిగా ఆలోచించాలి. ఆ సంగతి నేను రిపోర్టులో నొక్కి రాస్తాను.

అదే భవనం రెండో అంతస్తులో ఒక గదికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. “స్టేషనరీ తప్ప ఏం లేదు, ఏమీ లేదని రాసేయండి” అన్నాడు మేనేజరు. మంచివాడే, తొందరలో ఉన్నాడు. రాయలేదు. చూడని చోట ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకోవాలన్నది మా పద్ధతి. చాలా రిపోర్టుల్లో ‘లోపలికి వెళ్లలేకపోయాం’ అనే జాబితా ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది. నేను మొదటి పేజీలోనే, గది నంబరుతో, ఎందుకు చూడలేదో కారణంతో పెడతాను. మొత్తం రిపోర్టులో ఒక్క పేజీయే చదువుతారనుకుంటే అది ఆ పేజీయే కావాలి.

ఇంకో మాట. మామూలు సర్వేలో గోడలు పగలగొట్టం. మార్పులు చేయాలన్నా, కూల్చాలన్నా వేరే సర్వే ఉంది. అందులో జనాన్ని ఖాళీ చేయించి, గోడ లోపల, నేల కింద కూడా చూస్తాం. మొదటి రిపోర్టు చేతిలో పెట్టుకుని రెండో పని మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

మనవాళ్లలో ఈ పనికి వచ్చేవాళ్లకు ఒకటి చెప్పాలి. అయ్యప్ప మాల వేసుకుంటే గడ్డం గీయం కదా. ముఖానికి బిగిసే మాస్కు గీసిన చర్మం మీదే కుదురుతుంది, రెండు రోజుల గడ్డమున్నా గాలి చొరబడుతుంది. దీక్షలో ఉన్నన్నాళ్లూ నేను తలంతా కప్పే, బ్యాటరీ ఫ్యాను ఉన్న హుడ్ వాడతాను. ముందే అడిగితే తెప్పిస్తారు. నాతో పనిచేసే సిక్కు మిత్రుడు ఏడాది పొడుగునా అదే వాడతాడు. మొహమాటపడి గడ్డం మీదే మాస్కు పెట్టుకోవద్దు.

మాది పులివెందుల వైపు. ఆ చుట్టుపక్కల రాతినార గనులుండేవి. కొత్త గనుల లీజులు 1986లో ఆపేసినా, దిగుమతి చేసుకున్న తెల్ల రకంతో సిమెంటు రేకులు మన దేశంలో ఇప్పటికీ తయారవుతున్నాయి. మొన్న చిన్నాయన ఫోన్ చేసి, పశువుల కొట్టం రేకులు మారుస్తున్నామని, పాతవాటిని గ్రైండర్‌తో కోసి జాలాడి దగ్గర పరుస్తామని చెప్పినాడు.

“వద్దు చిన్నాయనా, కోయొద్దండి.”

“ఇన్నేండ్లు వాటి కిందనే పండుకుంటిమి కదరా, ఏమాయె?”

కదిలించనంతకాలం సిమెంటు ఆ పోగులను పట్టి ఉంచుతుంది, కోసినా పగలగొట్టినా వదిలేస్తుంది అని చెప్పాను. కాసేపు మాట్లాడకుండా, “అట్లయితే మేస్త్రీతో నువ్వే చెప్పు” అని ఫోన్ ఇచ్చినాడు. రేకులు బాగా తడిపి, పగలకుండా నిండు రేకుగానే దించమన్నాను. కింద పిల్లల్ని ఉండనివ్వొద్దన్నాను. బోల్టులు తుప్పుపట్టి తిరగవు సార్ అన్నాడు మేస్త్రీ. రేకు జోలికి పోకుండా బోల్టు తలను హాక్సా బ్లేడుతో కోయమని చెప్పాను.