అలిగి వెళ్లిన గాయకుల పాట

"జోత్ ఓహా, జుగత్ సాయ్, సహ్ కాయా ఫేర్ పలటీఐ."

అదే జ్యోతి, అదే పద్ధతి. ప్రభువు దేహం మాత్రం మార్చుకున్నాడు. గురు నానక్ తర్వాత గురు అంగద్ సిక్కుల రెండో గురువుగా గద్దెనెక్కడం గురించిన మాట ఇది. పాడినవాళ్లు సత్తా, బల్వండ్. గురువుల దర్బారులో రబాబ్ అనే తీగల వాయిద్యం వాయిస్తూ కీర్తనలు పాడిన ముస్లిం గాయకులు.

సిక్కులు చెప్పుకునే కథ ఇలా ఉంటుంది. ఇంట్లో ఆడపిల్ల పెళ్లి పెట్టుకుని, ఒకరోజు దర్బారుకొచ్చే కానుకలన్నీ ఇప్పించమని ఐదో గురువు గురు అర్జన్‌ను అడిగారట. ఆయన సరేనన్నారు. తీరా ఆ రోజు వచ్చింది కొంచెమే. పెళ్లి ఖర్చుల టెన్షన్‌లో ఉన్నవాళ్లు, పాపం, కోపంతో కీర్తన మానేసి ఇంట్లో కూర్చున్నారు. గురువే స్వయంగా వెళ్లి పిలిస్తే, మా పాట లేకపోతే మీ దగ్గరికి ఎవరొస్తారన్నారు. అక్కడితో ఆగకుండా, నానక్‌కైనా ఆయన వెంట ఉండే మర్దానా వాయించిన రబాబ్ వల్లే పేరొచ్చిందన్నారు. తనను అన్నంతసేపూ ఓర్చుకున్న గురువు నానక్ మాట వచ్చేసరికి ఓర్చుకోలేదు. వీళ్ల తరఫున సిఫారసుకు వచ్చినవాడికి ముఖాన మసి పూసి గాడిద మీద ఊరేగిస్తామన్నారు. లాహోర్ భక్తుడు భాయీ లద్ధా తానే మసి పూసుకుని, గాడిదెక్కి మరీ వచ్చాడు! గురువు కరిగిపోయారు. తిట్టిన నోటితోనే గురువులను కీర్తించమన్నారు.

అలా వచ్చిందే రామ్‌కలీ రాగంలోని ఈ వార్, అంటే 8 పౌరీల (చరణాల) కీర్తిగానం. 1604లో అమృత్‌సర్ హరిమందిర్‌లో (స్వర్ణ దేవాలయంలో) కొలువుదీరిన సిక్కుల పవిత్ర గ్రంథం ఆది గ్రంథంలో గురు అర్జన్ దాన్ని వాళ్ల పేర్లతోనే చేర్చారు.

ఈ వార్‌ను గురుపరంపరకు సాక్ష్యంగా చదువుతారు. నాకైతే క్షమాపణగానూ వినిపిస్తుంది. జ్యోతి ఒక్కటే అయితే, అర్జన్ ఎదుట నానక్‌ను తూలనాడడమంటే అర్జన్‌నే అనడం. ఆ సంగతి వాళ్ల నోటే వచ్చింది.

ఇంకో పౌరీలో బల్వండ్ గురు అంగద్ భార్య మాతా ఖీవీని దట్టమైన ఆకుల నీడనిచ్చే చెట్టుతో పోల్చాడు. ఆమె లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టే వంటశాలలో, సంపద పంచుతారట, నెయ్యి వేసిన అమృతంలాంటి పాయసం వడ్డిస్తారట. కానుకలు చాలలేదని అలిగిన మనిషి గురువు ఇంటి సిరిని పాయసంలో చూశాడు. వార్ మొత్తంలో నాకు బాగా నచ్చే చోటు ఇదే.

1708లో మన గోదావరి ఒడ్డునే, నాందేడ్‌లో, పదో గురువు గురు గోవింద్ సింగ్ ఇక గ్రంథమే గురువన్నారు. సత్తా, బల్వండ్ పాట కూడా ఆ గురువులో భాగమే.