గంటకు ఎంతమంది? సీడర్ పాయింట్‌లో రెండు రోజులు

క్లీవ్‌లాండ్ విమానాశ్రయం నుంచి పడమరగా గంటసేపు కారులో వెళ్తే శాండస్కీ, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం. ఊరు దాటి కాజ్‌వే ఎక్కగానే రెండు పక్కలా నీళ్లు, ఎదురుగా ఎరీ సరస్సులోకి పొడుచుకొచ్చిన సన్నటి ఇసుక దిబ్బ, దాని నిండా రోలర్ కోస్టర్ల ఉక్కు. అదే సీడర్ పాయింట్ వినోద పార్కు. 1870లో జనం స్నానాలకొచ్చే తీరంగా మొదలైన చోటిది. ఒక కంపెనీ దశాబ్దాలుగా డబ్బు ఎక్కడ పోసిందో బ్యాలెన్స్ షీటు తెరవకుండా తెలియాలంటే ఇక్కడ కారు కాస్త నెమ్మది చేసి తలెత్తి చూస్తే చాలు.

పార్కు బాగా తెలిసినవాళ్లు గేటు తియ్యగానే వెనక భాగానికి పరుగెత్తి స్టీల్ వెంజెన్స్ కోస్టర్ క్యూలో దూరతారు. మేం మాత్రం కోస్టర్లు కట్టిన సంవత్సరాల వరసలో తిరిగాం. క్యూల లెక్కన ఇది శుద్ధ తెలివితక్కువ పని. కానీ ఇక్కడ ఒక్కో కోస్టర్ దాని ముందుదానికి చెప్పిన జవాబు. ఆ వరసలో ఎక్కితేనే సంగతి బోధపడుతుంది.

మొదట మాగ్నమ్ ఎక్స్‌ఎల్-200. 1989, యారో డైనమిక్స్ తయారీ, 205 అడుగులు, ఖర్చు 80 లక్షల డాలర్లు. బయల్దేరిన స్టేషన్‌కే తిరిగొచ్చే పూర్తి చుట్టు కోస్టర్లలో 200 అడుగులు దాటిన మొదటిది. పార్కు యజమాని కంపెనీ సీడర్ ఫెయిర్ అప్పటి అధిపతి డిక్ కిన్‌జెల్‌కు ఎత్తంటే మోజు. తర్వాత పదిహేనేళ్లు పెద్ద చెక్కులు చాలావరకు ఆ మోజుకే పోయాయి. రాన్ టూమర్ డిజైన్ చేసిన ఈ ట్రాకును సరస్సు వెంట గుట్టల్లా లేచి దిగే చోట పక్కనుంచి చూడాలి. తిన్నటి ముక్కలకు వృత్తఖండాలు అతికించినట్టుంటుంది. తిన్నటి దారి నుంచి వంపులోకి రైలు అడుగుపెట్టిన క్షణంలోనే బలం మొత్తం మీద పడుతుంది. ఒడి మీదికి దించే కడ్డీ, ల్యాప్ బార్, తొడలకు ధన్‌మని తగిలేది అందుకే. ఈ కాలపు డిజైన్లలో వంపు కొద్దికొద్దిగా బిగుస్తుంది, పైగా కూర్చున్నవాడి గుండె ఎత్తును ఇరుసుగా పెట్టుకుని ట్రాకును మెలితిప్పుతారు. అయినా ముందు పెట్టెలో మూడో వరస కోసం ఇప్పటికీ జనం పనిగట్టుకుని నిలబడతారు. ప్రతి గుట్ట మీదా మనిషిని సీటులోంచి ఎగరేసే చోటది. అంత కుదుపు వద్దనుకునేవాళ్లకు మాత్రం పెట్టె మధ్య వరసే మేలు.

మిలీనియం ఫోర్స్ 2000లో వచ్చింది. ఇంటమిన్ కట్టింది, 2.5 కోట్ల డాలర్లు, 310 అడుగులు. ఈ ఎత్తుకు గొలుసు వేస్తే అది చాలా బరువవుతుంది. అందుకని లిఫ్టుల్లో వాడే తరహా ఉక్కు తాడు వేశారు. తాడుకు బిగించిన చిన్న బండి రైలును 45 డిగ్రీల వాలు మీద లాక్కెళ్లి, శిఖరం మీద వదిలి, ఖాళీగా కిందికి దిగుతుంది. అది దిగేదాకా తర్వాతి రైలు కదలడానికి లేదు. పైకి గబగబా ఎక్కించే తాడే గంటకు ఎంతమంది ఎక్కగలరన్న లెక్కకు పగ్గం కూడా.

దిగుడు 300 అడుగులు. రాపిడి, గాలి లేవనుకుంటే అంత ఎత్తు నుంచి పడ్డదాని వేగం గంటకు 152 కిలోమీటర్లు. మిలీనియం వేగం 93 మైళ్లు, అంటే దాదాపు 150. దారిలో పోగొట్టుకున్నది రెండు మూడు కిలోమీటర్లే.

ఇక స్టేషన్లో ఏం జరుగుతుందో ఓ పావుగంట నిలబడి చూడండి. ఎక్కినదానికంటే అదే ఎక్కువ నేర్పుతుంది. మూడు రైళ్లు, రైలుకు 36 మంది, ప్రకటిత సామర్థ్యం గంటకు 1,300. భాగించి చూస్తే ప్రతి 100 సెకన్లకు ఒక రైలు బయల్దేరాలి. ఆ వందలోనే దిగినవాళ్లు బయటికి నడవాలి, కొత్తవాళ్లు కూర్చోవాలి, సీటుబెల్టు పెట్టుకోవాలి, ల్యాప్ బార్ దించాలి. ఇద్దరు సిబ్బంది చెరో వైపు నడుస్తూ ప్రతి బెల్టూ లాగి, ప్రతి బారూ నొక్కి, బొటనవేలు పైకెత్తాలి. ఒక్కరికి బెల్టు చాలకపోయినా, ఒక్కరు టోపీ కోసం వెనక్కొచ్చినా ఇరవై సెకన్లు పోతాయి. వంద కాస్తా నూట ఇరవై అయితే గంటకు 1,080. అంటే గంటకు 220 సీట్లు గాలికి పోయినట్టే, పది గంటలకు 2,200. దిగువన రైలు బ్రేకుల మీద ఆగి ఉందంటే ట్రాకులో ఏదో తేడా అని జనం కంగారు పడతారు. చాలాసార్లు కారణం అది కాదు, ముందున్న రైలు స్టేషన్ ఖాళీ చెయ్యకపోవడం. ట్రాకును బ్లాకులుగా విడగొట్టి, ఒక బ్లాకులో ఒక్క రైలునే కంప్యూటర్ అనుమతిస్తుంది. మూడు రైళ్లు తిరగాలంటే కనీసం నాలుగు బ్లాకులు కావాలి, లేకపోతే ఏదీ కదల్లేదు.

2003లో సీడర్ ఫెయిర్ మళ్లీ 2.5 కోట్ల డాలర్లు పెట్టి ఇంటమిన్ చేతే టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ కట్టించింది. 420 అడుగులు, నాలుగు సెకన్లలో గంటకు 193 కిలోమీటర్లు, ఆట మొత్తం పట్టుమని అర నిమిషం లేదు. పంపులు నూనెను నెట్టి నైట్రోజన్‌ను సిలిండర్లలో కుక్కిపెడతాయి. వదలగానే ఆ ఒత్తిడి హైడ్రాలిక్ మోటార్లను తిప్పి, డ్రమ్ముకు తాడు చుట్టి, రైలును లాగి విసిరేస్తుంది. ఇందులో చిక్కు కాగితం మీదే కనబడుతుంది. 420 అడుగులు ఎక్కడానికి కనీసం 180 కిలోమీటర్ల వేగం కావాలి. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 193 దగ్గర చేతిలో ఉన్న మిగులు 15 శాతం. ఎదురుగాలి, చలికి బిగుసుకున్న గ్రీజు, ఇంకా వేడెక్కని చక్రాలు ఆ మిగులును మింగేస్తే రైలు శిఖరం దాకా పోయి వెనక్కి జారుతుంది. రోల్‌బ్యాక్ అంటారు. చూడ్డానికి గుండె జారినా, లాంచ్ ట్రాకు మీద పైకి లేచిన బ్రేకు పలకలు దాన్ని ఆపుతాయి. అసలు భారం అది కాదు: నిమిషానికోసారి చొప్పున తాడు, డ్రమ్ము, బండి పడే దెబ్బ. యంత్రం ఆగిన ప్రతి గంటా 420 అడుగుల గోపురం ఊరికే నిలబడి ఉంటుంది.

2021 ఆగస్టులో ఒక రైలు నుంచి ఊడిన చిన్న లోహపు పలక క్యూలో ఉన్న మహిళకు తగిలి తీవ్రంగా గాయపరిచింది. రైలు ఎక్కడుందో సెన్సర్‌కు తెలియడానికి బిగించే పలక అది. పాత రూపంలో ఇక నడపబోమని 2022లో ప్రకటించారు. గోపురాన్ని మాత్రం కూల్చలేదు, దాని కింద రైలును విసిరే యంత్రాంగం, అంటే లాంచ్, మార్చారు. జాంపెర్లా చేసిన టాప్ థ్రిల్ 2 ఇప్పుడక్కడ ఉంది. తాడు లేదు, ట్రాకు వెంట విద్యుదయస్కాంత మోటార్లు. రైలు మొదట 119 కిలోమీటర్ల వేగంతో ముందుకెళ్లి గోపురం మీద సగం దాకా ఎక్కి జారుతుంది. వెనక్కి వస్తుండగా 163కి పెంచుతారు, వెనకనున్న 420 అడుగుల నిట్టనిలువు స్తంభం మీదికి పోతుంది. మళ్లీ కిందికొచ్చినప్పుడు 193, ఈసారి గోపురం దాటుతుంది. ఈ మూడు వేగాల వర్గాలు వేసి చూడండి. మొత్తం శక్తిలో మొదటి తోపు సుమారు 38 శాతం, రెండోది 33, మూడోది 29. ఒకప్పుడు ఒక్క గుక్కలో ఇచ్చినదాన్ని ఇప్పుడు మూడు వాయిదాల్లో కడుతున్నారు. కరెంటు సరఫరా మీదా మోటార్ల మీదా పడే గరిష్ఠ భారం తగ్గుతుంది, ఒకప్పటి లోపమైన రోల్‌బ్యాక్ ఆటలో భాగమైపోయింది. కోస్టర్ డిజైన్‌లో ఈ మధ్య చూసిన తెలివైన పనుల్లో మా లెక్కన ఇది ముందుంటుంది.

తెలివైనదే గానీ, 2024 మే 4న తెరిచి వారం దాటగానే ఆపేశారు. రైళ్లలో మార్పులు కావాలన్నారు. మళ్లీ నడిచింది 2025 సీజన్‌లో. కొత్త ట్రాకు కంటే కొత్త రైలే ఎప్పుడూ ఎక్కువ ఏడిపిస్తుంది. ట్రాకులో ఒక్కో ముక్క ఒక్కో రకం భారమే మోస్తుంది. రైలు మాత్రం ప్రతి చుట్టులోనూ అన్ని రకాలూ మొయ్యాలి, అదీ రోజుకు వందల సార్లు.

ఈలోగా 2024 జూలై 1న సీడర్ ఫెయిర్, మరో పార్కుల కంపెనీ సిక్స్ ఫ్లాగ్స్ విలీనమయ్యాయి. కొత్త కంపెనీ చేతిలో 42 పార్కులు పడ్డాయి. న్యూజెర్సీ పార్కులోని 456 అడుగుల కింగ్డా కా కోస్టర్ కూడా వాటితోనే వచ్చింది: 2005 నాటిది, ఇదే ఇంటమిన్, ఇదే హైడ్రాలిక్ లాంచ్. దాన్ని 2024 నవంబరులో మూసి, 2025 ఫిబ్రవరి 28న పేల్చేశారు. టాప్ థ్రిల్ 2 నిర్ణయం విలీనానికి ముందుదే కాబట్టి రెంటినీ నేరుగా పోల్చడం సరికాదు. కానీ ఒక తరహా యంత్రానికి మరమ్మతుల బిల్లు ఎంత దూరం వెళ్తుందో రెండు పార్కులూ వేర్వేరుగా ఒకే రకంగా లెక్కేసుకున్నాయని మాత్రం అర్థమవుతుంది. తర్వాత మేరీలాండ్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా పార్కునే 2025 నవంబరులో మూసేశారు.

రెండో రోజు పొద్దున్నే స్టీల్ వెంజెన్స్. 1991లో తెరిచిన మీన్ స్ట్రీక్ అనే చెక్క కోస్టర్ ఇక్కడ ఉండేది, 161 అడుగులు. చెక్క ట్రాకంటే పలకలు పొరలు పొరలుగా పేర్చి, పైన ఉక్కు పట్టీ బిగించేది. రైలు ఊపుకు మేకులు వదులవుతాయి, పొరలు నలుగుతాయి, ప్రతి చలికాలం కొంత దూరం విప్పి కొత్తది వెయ్యాలి. కుదుపు పెరిగేకొద్దీ బ్రేకులు వేసి వేగం తగ్గిస్తారు, వేగం తగ్గితే ఎక్కేవాళ్లు తగ్గుతారు. మీన్ స్ట్రీక్ చివరి రోజులు అలాగే గడిచాయి. 2016లో మూశారు. రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ వచ్చి చెక్క కట్టడంలో చాలా భాగం ఉంచుకుని, పైన మాత్రం ఇంగ్లిష్ ‘ఐ’ అక్షరం ఆకారపు ఉక్కు ట్రాకు వేసింది. ఎత్తు 205 అడుగులకు పెంచింది, మొదటి దిగుడును 90 డిగ్రీలు చేసింది, నాలుగుసార్లు తలకిందులు చేసింది. 2018లో తెరిచారు. సీటులోంచి పైకి లేచి ఉండే సమయం మొత్తం 27.2 సెకన్లని పార్కు లెక్క. ఎక్కి దిగాక ఆ అంకెతో వాదన పెట్టుకోబుద్ధి కాలేదు.

కంపెనీ కోణంలో చూస్తే దీని అందం వేరు. స్థలం కొత్తగా వెతకనక్కర్లేదు. కట్టడం చాలావరకు ఉంది. ఏటా చెక్క మార్చే ఖర్చు తగ్గింది. ప్రకటనలో మాత్రం సరికొత్త కోస్టర్. అంతా సాఫీగా సాగిందని కాదు. తెరిచిన రోజే ఒక రైలు స్టేషన్లో ఆగి ఉన్న రైలును మెల్లగా గుద్దింది, కొన్నాళ్లు ఒకే రైలుతో నడిపారు. రైలుకు 24 మంది. ఒకే రైలంటే ఎక్కించడం, తిప్పడం, దించడం అన్నీ ఒకదాని వెనక ఒకటి. చుట్టు నాలుగు నిమిషాలనుకుంటే గంటకు 360 మంది. మూడు రైళ్లతో ప్రకటిత సామర్థ్యం 1,200. క్యూ మూడింతలు ఎందుకైందో చెప్పడానికి ఇంకేమీ అక్కర్లేదు. జేబులోని ఫోన్ ఎగిరి కింద క్యూలో ఉన్నవాళ్ల మీద పడే ప్రమాదం ఉంది కాబట్టి వస్తువుల నిబంధన ఇక్కడ గట్టిగా ఉంటుంది. జిప్పు జేబున్న ప్యాంటు వేసుకుని వెళ్లినా గేటు దగ్గర ఆ రోజు నియమం అడగండి.

2025లో వచ్చిన సైరెన్స్ కర్స్ ఎత్తు 160 అడుగులే. మాగ్నమ్ కంటే పొట్టి. వెకోమా తయారీ. పైన రైలు ఆగుతుంది, దాని కింది ట్రాకు ముక్క రైలుతో సహా ముందుకు వాలి నిట్టనిలువుగా నిలుస్తుంది, కింది ట్రాకుతో అతుక్కుని తాళం పడ్డాకే వదులుతుంది. తాళం పడిందని ఒక్క సెన్సర్ ఒప్పుకోకపోయినా రైలు కదలదు, కదలకూడదు. మొదటి వారాల్లో అలా ఆగిన వార్తలు చాలా వచ్చాయి. భయపెట్టడానికి ఎత్తు కొనక్కర్లేదు, ఒక కీలు చాలు అన్న లెక్క ఇది. ఉక్కు బరువు మీద మిగిలిన డబ్బు యంత్రాంగంలోకి వెళ్లింది.

ఒహాయోలో ఈ యంత్రాలను తనిఖీ చేసేది రాష్ట్ర వ్యవసాయ శాఖ అంటే కొత్తవాళ్లు నమ్మరు. తిరునాళ్ల లాంటి కౌంటీ సంతల్లో తిరిగే రంగులరాట్నాలు వాళ్ల పరిధిలోకే వచ్చేవి మరి.

మిలీనియం ఫోర్స్ నిష్క్రమణ దారిలో ఆగి రైలు కిందికి చూస్తే ఒక్కో మూల మూడు రకాల చక్రాలు కనిపిస్తాయి. బరువు మోసేవి పైన, పక్కనుంచి పట్టేవి పక్కన, గుట్ట మీద రైలు లేచిపోకుండా పట్టాకు కిందినుంచి ఆనేవి కింద. లోపల అల్యూమినియం, చుట్టూ పాలీయురెథేన్ తొడుగు. తొడుగు మెత్తగా ఉంటే ప్రయాణం నున్నగా ఉంటుంది గానీ వేగం తింటుంది, వేడెక్కి లోహం నుంచి ఊడే ప్రమాదమూ ఎక్కువ. గట్టిగా ఉంటే వేగం మిగులుతుంది, ట్రాకులోని ప్రతి అతుకూ వెన్నులో తెలుస్తుంది. సీజన్ మే నుంచి అక్టోబరు చివరి దాకే. చలికాలంలో రైళ్లన్నీ ఊడదీసి, ఇరుసుల్లో కంటికి కనపడని పగుళ్లు వెతుకుతారు.

చల్లటి పొద్దున చక్రాలు, బేరింగుల్లో గ్రీజు బిగుసుకుని ఉంటాయి. రైలు బద్ధకంగా తిరుగుతుంది. ఎండెక్కి, వందల చుట్లు తిరిగాక అవే గుట్టలు వేరేలా విసురుతాయి. అందుకే రెండో రోజు రాత్రి మళ్లీ స్టీల్ వెంజెన్స్‌కు వెళ్లాం, మూసేవేళకు పది నిమిషాల ముందు. అప్పటికి క్యూలో ఉంటే ఎక్కనిస్తారు. చివరి వరస అడగండి. పొద్దున గుట్టలు దాటిన రైలు, రాత్రి వాటి మీంచి దూకుతుంది.